ఆకుపచ్చదా, నీలందా

మార్చి 14, శనివారం

పాంటూన్ పడవ కొందామన్నాను. మా ఆయన లోవెల్ పేపర్లోంచి తలెత్తి, "బాగానే ఉంటుంది" అన్నాడు. నేను పుట్టిన గనుల ఊళ్ళలో ఆ మాటకి ఒకటే అర్థం, బాగుంటుందని. ఇక్కడ ఈ నార్వే తాతల మనవల మధ్య దానికి లక్ష అర్థాలున్నాయి. పెళ్ళై ఏడాదైంది, నాకు మూడో నాలుగో పట్టుబడ్డాయి.

లోవెల్ కూతురు సోల్వే నిన్న కూడా ఫార్గో పట్నం వెళ్ళిపోయింది. శుక్రవారం బడి నుంచి రావడం, సంచి భుజాన వేసుకోవడం, వాళ్ళ పిన్ని గ్రెచెన్ వాకిట్లో కారు హారన్ కొట్టడం. మళ్ళీ ఆదివారం పొద్దుపోయాకే రావడం. మా పెళ్ళయినప్పటి నుంచీ ఇదే వరస. వాళ్ళమ్మ జేనెల్ పోయి నాలుగేళ్ళు. పదమూడేళ్ళ పిల్ల చచ్చిపోయిన తల్లి చెల్లెలి దగ్గరికి వెళ్తే తప్పేముంది? తప్పని నేననలేదు.

కానీ మొన్న రాత్రి భోజనం దగ్గర, పళ్ళెంలోకి చూస్తూ, "వచ్చే ఏడాది బడి ఫార్గోలోనే చదివితే ఎలా ఉంటుందో. పిన్ని వాళ్ళింట్లో గది ఖాళీగానే ఉంది" అంది.

"అక్కడి బడి మంచిదేలే" అన్నాడు లోవెల్.

"నీ ఇష్టం సోల్వే. నీకెలా బావుంటే అలా" అన్నాను నేను. ఎంత బాగా అన్నానో! పిల్లని కట్టిపడేసిందని రేపు ఎవరూ అనకూడదు కదా.

అందుకే పడవ. శని ఆదివారాలు సరస్సు మీద సరదాగా గడిస్తే ఫార్గో ఎవరికి గుర్తుంటుంది? పాంటూన్ అంటే ఏముంది, రెండు పెద్ద అల్యూమినియం గొట్టాల మీద తేలే వరండా. చుట్టూ సోఫాలు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి, మధ్యలో లేచి వెళ్ళిపోవడానికి చోటుండదు. ఈ ఇంటికి కావలసింది సరిగ్గా అదే.

కొత్తవి మనకి అందవు. పాతవాటిలోనే చూడాలి.

మార్చి 18, బుధవారం

ఆకుపచ్చ పడవ చూశాం. గ్లెన్ అనే ఆయన దొడ్లో, మోకాలి లోతు మంచులో, ట్రైలర్ మీద ఉంది. సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది, నీళ్ళలో దించి చూడ్డం కుదరదు. నిచ్చెన వేసుకుని ఎక్కి, బూట్లతో చెక్క మీద దబదబా తొక్కి, ఎక్కడైనా మెత్తగా పుచ్చిందా అని చూడటమే.

అత్తగారు ఆర్డిస్‌నీ తీసుకెళ్ళాం. ఆవిడ నిచ్చెన ఎక్కలేదు. కిందే నిలబడి, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, "పడవే" అంది. కాదని ఎవరన్నారు?

పక్కనున్న చిన్న గేటు నాకు ఎంత లాగినా రాలేదు. లోవెల్ వచ్చి దాన్ని కాస్త పైకెత్తి, కింద మూల బూటుతో ఒక్క తన్ను తన్నాడు. తెరుచుకుంది. పాంటూన్ల గేట్లన్నీ ఇంతే కాబోలు. తెరుచుకున్నాక కొంచెం నవ్వాడు కూడా.

సోల్వే తిన్నగా ముందువైపు ఎడమ మూల సోఫా దగ్గరికి వెళ్ళింది. చేతి తొడుగు తీసేసి, ఆ దిండు మీద అరచేత్తో మెల్లిగా రాసింది. కూర్చోలేదు. దిగిపోయింది. లోవెల్ ఆ పిల్లనే చూస్తున్నాడు.

కారెక్కాం. పడవ గుడ్డ పైకప్పు చిరిగింది, ఇంజిను మాత్రం మంచిదే అని నేనొక్కదాన్నే మాట్లాడుతూ వచ్చాను.

మార్చి 19

పడుకోబోతూ అడిగాను, "ఎలా ఉంది పడవ?"

"పడవకేం, బాగానే ఉంది."

దీపం ఆర్పేశాడు.

మార్చి 24, మంగళవారం

నీలం పడవ. ఎదురొడ్డున ఉండే లవోన్ అనే ముసలావిడది. మొగుడి మోకాళ్ళు చలికి పనిచెయ్యడం మానేశాయట, ఇద్దరూ అరిజోనా వెళ్ళిపోతున్నారు.

లవోన్ కాఫీ తాగుతారా అంటే నేను "ఆఁ, ఇవ్వండి" అనేశాను. లోవెల్ చెవులు ఎర్రబడ్డాయి. ఇక్కడ మొదటిసారి వద్దనాలి. రెండోసారి "ఎందుకండీ మీకు శ్రమ" అనాలి. మూడోసారికి "సరే, అరకప్పు" అనాలి. ఆ తర్వాత మూడు కప్పులు తాగాలి. మా ఊళ్ళో కాఫీ వద్దంటే ఒంట్లో బాగాలేదేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు. ఏడాదైనా నాకీ మర్యాద అలవాటు కాలేదు.

పడవ శుభ్రంగా ఉంది. ఎడమ గొట్టానికి ఒకచోట అతుకు వేశారు, అతుకు గట్టిదే. ముందువైపు రెండు తిరిగే కుర్చీలున్నాయి, చేపలు పట్టేవాళ్ళకి. సోల్వే ఒకదాంట్లో కూర్చుని గిర్రున ఒక చుట్టు తిరిగింది. తండ్రి చూస్తున్నాడని గమనించి, కాలు ఆన్చి ఆపేసి, దిగిపోయింది. నచ్చలేదు కాబోలు.

తిరిగొస్తూ కార్లో సూటిగానే అడిగాను. "ఆకుపచ్చదా, నీలందా?"

"రెండూ బాగానే ఉన్నాయి" అన్నాడు లోవెల్.

"ఏదైనా పరవాలేదు" అంది సోల్వే.

"నాదేముంది, ముసల్దాన్ని" అంది ఆర్డిస్.

"మీరు చెప్పందే నాకెలా తెలుస్తుంది?" అన్నాను.

"నీకు నచ్చింది తీసుకో" అన్నాడు లోవెల్. అది ప్రేమో, వదిలించుకోవడమో అర్థం కాలేదు.

మార్చి 27, శుక్రవారం

పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు శుభ్రం చేసే పని నాది. రోజంతా ఊరి జనం నా ముందు నోళ్ళు తెరుస్తారు. ఇంటికొస్తే ఒక్కరూ తెరవరు.

ఈ రోజు చేపల ఎరల కొట్టు డ్వేన్ వచ్చాడు. పుక్కిలించి ఉమ్మి, "అయితే జేనెల్ పడవ మళ్ళీ ఇంటికొస్తోందన్నమాట" అన్నాడు.

"ఏ పడవ?"

"అదే, గ్లెన్ దొడ్లో ఆకుపచ్చది. ఆవిడ పోయాక లోవెల్ అమ్మేశాడుగా. ఆ వేసవుల్లో ప్రతి ఆదివారం మా రేవు ముందు నుంచే పోయేవాళ్ళు. మీరు చూడ్డానికి వెళ్ళారని గ్లెన్ చెప్పాడు."

"ఆఁ, తెలుసు" అన్నాను.

తెలీదు. డ్వేన్ చిగుళ్ళలోంచి ఇవాళ కాస్త రక్తం వచ్చింది. ఎప్పుడూ రాదు.

మార్చి 28

గేటు. ఆ తన్ను. ఆ నవ్వు. పాంటూన్ల గేట్లన్నీ అంతేనట! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ నన్ను ఆ మంచులో నిలబెట్టి, ఇంజిను గురించి, చిరిగిన గుడ్డ గురించి వాగనిచ్చారు. ఒక్కరైనా "రెనాటా, ఇది మాదే" అని ఒక్క ముక్క అనలేదు. ఎందుకు? నేను బాధపడతాననా? నాకు చెప్పేదేముందనా?

నాకేం బాధ లేదు. చచ్చిపోయిన మనిషితో పోటీ ఏమిటి నాకు?

మార్చి 29

నాకేం బాధ లేదు, నిజంగా. అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచాను. లోవెల్ గిన్నెలు తుడుస్తున్నాడు, ఒక్కో గిన్నె ఒక్కో పసిపిల్లలాగా. మూసేసుకున్నాను. కక్కలేక మింగలేక నేనూ ఈ ఊరిదాన్నే అయిపోతున్నాను.

ఏప్రిల్ 2, గురువారం

ఆర్డిస్ దగ్గరికి వెళ్ళాను. మా అమ్మ నేర్పిన అక్రోట్ల రొట్టె చేసుకుని వెళ్ళాను. వద్దంది, ఎందుకమ్మా శ్రమ అంది, చివరికి సన్నగా ఒక ముక్క కోసుకుంది.

"ఆకుపచ్చది జేనెల్ పడవట కదా?"

"డ్వేన్ చెప్పాడా?" అంది, చాకు తుడుస్తూ. "వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"మీరెవరూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

"అందరికీ ఆ పడవంటే ఇష్టంగా ఉండేదా?"

"ప్రతి ఆదివారం వెళ్ళేవాళ్ళం. ఎవరూ వద్దనలేదు."

"ఇప్పుడు సోల్వేకి అదే కావాలంటారా?"

"పిల్ల ఏమంది?"

"ఏదైనా పరవాలేదంది."

"మరింకేం" అంది ఆర్డిస్. రొట్టె బాగుందో లేదో కూడా చెప్పలేదు. నేను లేచేటప్పటికి సగం రొట్టె లేదు.

ఆలోచిస్తే ఒకటి తోస్తోంది. సోల్వే ఆ దిండు మీద చెయ్యి వేసింది. లోవెల్ దాన్ని చూశాడు. ఇద్దరికీ ఆ పడవే కావాలి. నా మొహం చూసి నోరు కట్టేసుకున్నారు. లేకపోతే నీలం పడవలో సోల్వే అలా ఠక్కున దిగిపోవడం ఎందుకు?

ఆ నీలం పడవైతే అందరం ఒకేసారి మొదటిసారి ఎక్కుతాం. నాకు అది... సరే, నా సంగతెవరు అడిగారు?

ఏప్రిల్ 8, బుధవారం

సోల్వే మళ్ళీ ఫార్గో మాట ఎత్తింది. మే నెలాఖరులోగా అక్కడి బడికి చెప్పాలట.

"నీకు నచ్చితే మాకు సరే" అన్నాడు లోవెల్. ఉప్పు అందుకుని, వేసుకోకుండా మళ్ళీ పెట్టేశాడు.

"ఆ గదికి కర్టెన్లు లేవన్నావుగా. కుట్టిస్తాను. పసుపురంగు ఇష్టమా నీకు?" అన్నాను.

పిల్ల నావంక కాసేపు చూసింది. "ఏ రంగైనా పరవాలేదు" అంది.

మంచిగానే ఉన్నాను కదా? ఇంతకంటే మంచిగా ఎలా ఉంటారు?

ఏప్రిల్ 11, శనివారం

గ్లెన్‌కి బయానా ఇచ్చేశాను. ఆకుపచ్చదే. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఇచ్చేశాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఎన్నాళ్ళని నిలబడతాను?

దార్లో నా గొప్పతనానికి నాకే కళ్ళనీళ్ళొచ్చాయి. ఏ రెండో పెళ్ళాం చేస్తుంది ఈ పని? మొదటావిడ పడవని సొంత చేత్తో ఇంటికి తెచ్చే మనిషి ఎక్కడైనా ఉందా? ఇక ఆ పిల్ల ఫార్గో ఎందుకు వెళ్తుంది? వాళ్ళమ్మ పడవ ఇక్కడే ఉండగా!

ఏప్రిల్ 12, ఆదివారం

సోల్వే వచ్చాక అందరికీ చెప్పాను. "ఆకుపచ్చది మనదే! అది ఎవరిదో నాకు తెలుసు. తెలిసే కొన్నాను" అని, నవ్వుతూ, రెండు చేతులూ చాపి.

"అలాగా" అన్నాడు లోవెల్.

"థాంక్యూ" అంది సోల్వే. మేడ మీదికి వెళ్ళిపోయింది.

లోవెల్ బయటికి వెళ్ళి కారు కడిగాడు. నిన్ననే కడిగాడు.

సంతోషం పట్టలేక అలా ఉన్నారేమో. వీళ్ళ సంతోషం ఎలా ఉంటుందో నేనింకా చూడలేదు.

ఏప్రిల్ 23

సరస్సులో మంచు పోయింది. నీళ్ళు కనిపిస్తున్నాయి.

మే 3, ఆదివారం

కిరాణా కొట్లో లవోన్ కనిపించింది. నీలం పడవ ఇంకా అమ్ముడుపోలేదట. "మీ అమ్మాయికి ఆ తిరిగే కుర్చీ ఎంత నచ్చిందో! మీరే కొంటారనుకున్నాను" అంది.

నచ్చిందా? ఎవరికి? ఆవిడకి చూపు సరిగా ఆనదు. కూరగాయల దగ్గర కళ్ళద్దాలు పైకెత్తి ముల్లంగి ధర చదువుకుంటోంది.

సోల్వే ఇవాళ మూడోసారి చెప్పింది, గ్రెచెన్ గది ఖాళీ చేయించిందని. లోవెల్ "మంచిది" అన్నాడు. నేను కర్టెన్ల గుడ్డ కొన్నాను.

రాత్రి గుడ్డ కత్తిరిస్తుంటే చేతులు ఆగిపోయాయి. ఎవరి గదికి కుడుతున్నాను నేను ఇవి? పడవ కొన్నది పిల్ల వెళ్ళకూడదని. కర్టెన్లు కుట్టేది పిల్ల హాయిగా వెళ్ళాలని. మతిపోతోంది.

మే 10, ఆదివారం

రాయాలి. ఇంకా కోటు కూడా విప్పలేదు.

నిన్న ఈ ఏటి చేపల వేట కాలం మొదలైంది, ఇవాళ మదర్స్ డే. ప్రతి ఏడూ ఈ రెండూ కలిసొస్తాయి, ఊళ్ళో మగాళ్ళందరూ పెళ్ళాల చేత తిట్లు తింటారు. మా ఇంట్లో మదర్స్ డే మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పడవ నీళ్ళలో దించుతున్నామని సోల్వే ఈ వారం ఫార్గో వెళ్ళలేదు. నాకది చాలు.

గాలి కోసేస్తోంది. అందరం కోట్లతోనే ఎక్కాం. బంగాళాదుంపలూ మాంసం కలిపి కాల్చిన హాట్‌డిష్ గిన్నె తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. లోవెల్ చక్రం దగ్గర. మిగతా ముగ్గురం వెనక కుడివైపు సోఫాలో, కోళ్ళగంపలో కోళ్ళలాగా. ముందు ఎడమ మూల మాత్రం ఖాళీ. అంత పడవ, అంత చోటు, ఎవరూ అటు చూడ్డం కూడా లేదు. నేనెలా కూర్చుంటాను అక్కడ? వాళ్ళు కూర్చోవాలిగానీ.

సరస్సు మధ్యకి వచ్చాం. చుట్టూ చేపల పడవలు. బరువంతా ఒక వైపే ఉండటంతో పడవ ఆ పక్కకి ఒరిగి, ఆర్డిస్ బూట్ల దగ్గరికి నీళ్ళు చిమ్ముతున్నాయి.

"ఎవరైనా ముందుకెళ్ళి కూర్చుంటే బావుంటుంది" అన్నాడు లోవెల్.

ఎవరూ కదల్లేదు.

"ఎవరైనా అంటే ఎవరు?" అన్నాను.

"ఎవరైనా సరే."

అంతే, నాలో ఏదో తెగింది. గిన్నె పట్టుకునే లేచాను. "ఇంజిను ఆపు!"

ఆపాడు.

"ఈ పడవ ఎవరికి కావాలి? ఇప్పుడే చెప్పండి. చెప్పేదాకా ఒడ్డుకి వెళ్ళేది లేదు."

ఆర్డిస్ తడిసిన బూట్లు వెనక్కి లాక్కుంది.

"లోవెల్, నిన్నే."

"నీకు నచ్చింది కదా" అన్నాడు.

"నాకా! దీన్ని చూస్తేనే నాకు పడదు! మీ ఇద్దరి కోసం కొన్నాను!"

లోవెల్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "సోల్వేకి కావాలేమో అనుకున్నాను. ఆ రోజు దిండు మీద చెయ్యి వేసింది."

"నాకా?" అంది సోల్వే. "నీకు కావాలేమో అనుకున్నా నాన్నా. గేటు తన్ని నవ్వావుగా."

"నాలుగేళ్ళైనా వాళ్ళెవరూ గేటు బాగుచేయించలేదని నవ్వొచ్చింది."

"నాకు నీళ్ళంటేనే భయం" అంది ఆర్డిస్. అందరం ఆవిడ వైపు తిరిగాం. "ముప్ఫై ఏళ్ళుగా చెబుదామనుకుంటున్నాను. సందర్భం రాలేదు."

"మరి జేనెల్ కోసమా ఈ పడవ?" అన్నాను. ఆ పిల్ల ముందు ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి.

"దానికి ఎండ పడేది కాదు" అంది ఆర్డిస్. "లోవెల్‌కి సరదా, కాదనడం ఎందుకు అనేది నాతో."

"తనకి సరదా అని కదమ్మా నేను కొన్నాను!" అన్నాడు లోవెల్. చక్రం పట్టుకునే కూలబడ్డాడు. పాపం, మొహం చూడలేకపోయాను. ఎన్ని ఆదివారాలు తిరిగారో ఈ పడవ మీద, ఒక్కరికీ అక్కర్లేకుండా, ఒకరి కోసం ఒకరు!

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. సోల్వే మాత్రం నవ్వలేదు.

"ఆ మూల అమ్మ పడుకునేది" అంది. "ఆఖరి వేసవంతా. జులైలో కూడా రగ్గు కప్పుకునేది. కళ్ళు తెరిచి, చేప పడిందా సోల్వే అని అడిగేది. పడకపోయినా పడిందనేదాన్ని. నాకు అటు చూడాలని లేదు."

"మరి ఆ రోజు చెయ్యి ఎందుకు వేశావే తల్లీ?" అన్నాను.

"రగ్గు పోగు ఏదైనా మిగిలుందేమోనని."

నా చేతిలో గిన్నె కింద పెట్టేశాను. ఎక్కడ పెట్టానో కూడా తెలీదు. తర్వాత ఆర్డిస్ పాదాల దగ్గర దొరికింది.

"వద్దని ఒక్క మాట అంటే నేను కొనేదాన్నా? ఎందుకు చెప్పలేదు?" అన్నాను. అరిచాననే చెప్పాలి.

సోల్వే కూడా లేచి నిలబడింది. "నువ్వు సంతోషంగా ఉన్నావు! రెండు చేతులూ చాపి చెప్పావు! నేను ఫార్గో వెళ్తానన్నప్పుడూ నువ్వు సంతోషంగానే ఉన్నావు. కర్టెన్లు కుట్టిస్తానన్నావు. రంగు కూడా అడిగావు!" గొంతు కీచుగా అయిపోయింది. "మూడుసార్లు చెప్పాను వెళ్తానని. మూడుసార్లు. ఒక్కసారి కూడా మీరెవరూ వద్దనలేదు."

ఈ ఊళ్ళో అరకప్పు కాఫీకి మూడుసార్లు బతిమాలతారు. ఈ పిల్ల మూడుసార్లు సంచి పట్టుకుని మా ముందు నిలబడితే, నేను మర్యాదగా తలుపు తీసి పట్టుకున్నాను. మంచిదాన్ననిపించుకోవాలని. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఆ పిల్ల తనకి తెలిసిన పద్ధతిలో అడుగుతూనే ఉంది.

"వెళ్ళకు" అన్నాను. "నాకు నువ్వు ఇంట్లో కావాలి. శుక్రవారం ఆ హారన్ వినిపిస్తే చెవులు మూసుకుంటాను. ఆదివారం నువ్వొచ్చేదాకా ఈ ఇంట్లో నాకు ఊపిరాడదు. నీ ఇష్టం అని అన్నదంతా అబద్ధం. వెళ్ళకు."

పక్క పడవలో చేపలు పట్టే ఇద్దరు గాలాలు వదిలేసి మమ్మల్నే చూస్తున్నారు. చూసుకోనీ.

నేను లోవెల్‌ని చూశాను. ఇప్పుడు కూడా "బాగానే ఉంటుంది" అంటే నీళ్ళలోకి తోసేద్దామనే ఉంది నాకు.

"వెళ్ళొద్దమ్మా" అన్నాడు. చక్రంతో చెప్పినట్టు చెప్పాడు. తర్వాత కుర్చీ తిప్పి, పిల్ల మొహంలోకి చూసి, మళ్ళీ అన్నాడు. "వెళ్ళొద్దు."

సోల్వే కూర్చుంది. ముక్కు కోటు చేతికి తుడుచుకుంది. "నాకు నీలం పడవ కావాలి" అంది.

నాకు కావాలి! ఈ ఏడాదిలో ఈ ఇంట్లో ఆ మాట నేను వినడం ఇదే మొదలు.

"ఊఫ్ దా" అంది ఆర్డిస్, వీళ్ళ భాషలో అమ్మయ్య అన్నట్టు. హాట్‌డిష్ మూత తీసి, మమ్మల్నెవర్నీ అడక్కుండా తినడం మొదలెట్టింది.

ఫార్గో సంగతి పిల్ల ఏమీ తేల్చలేదు. ఇంటికొచ్చాక అడగబోయి ఆగాను. ఎన్నిసార్లు అడగాలి దీనికి? ఎవరిని అడిగి తెలుసుకోను?

మే 12

నీలం పడవ నిన్ననే అమ్ముడుపోయిందట. లవోన్ ఫోన్లో మూడుసార్లు క్షమించమంది.

మే 13, బుధవారం

భోజనం దగ్గర చెప్పక తప్పలేదు. సోల్వే చెంచా బల్ల మీదికి విసిరింది.

"అంతా నీవల్లే! అడక్కుండా ఎందుకు కొన్నావు ఆ ఆకుపచ్చది?"

"అడిగాను కదే!"

"సరిగ్గా అడగలేదు!"

"నువ్వు సరిగ్గా చెప్పావా?"

ఇద్దరం అరుచుకున్నాం, మా ఊళ్ళో మా అమ్మా నేనూ అరుచుకున్నట్టే, కిటికీలు అదిరేలా. లోవెల్ ఉప్పు డబ్బా పట్టుకుని అలా ఉండిపోయాడు. అన్నీ అన్నాక నాకు భయం వేసింది. ఎల్లుండి శుక్రవారం. ఉన్న ఒక్క ఆశా నా నోటితో నేనే చెడగొట్టుకున్నానా?

మే 15, శుక్రవారం

గ్రెచెన్ కారు వచ్చింది. హారన్ కొట్టింది. నేను వంటింట్లో కుళాయి తిప్పి, ఏమీ కడగకుండా నిలబడ్డాను. ఇవాళ కూడా వద్దని చెబుదామని పొద్దున్నించి అనుకుంటూనే ఉన్నాను. బుధవారం నాటి అరుపుల తర్వాత ఏ మొహంతో చెప్పను?

సోల్వే బయటికి వెళ్ళింది. కారు కిటికీ మీద మోచేతులాన్చి ఏదో మాట్లాడింది. సంచి భుజాన లేదు. ముందే కార్లో పెట్టేసిందేమో అనుకున్నాను. అంతలో కారు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. పిల్ల వాకిట్లోనే ఉంది.

లోపలికొచ్చి, నావంక చూడకుండా, ఫ్రిజ్ తెరిచి పాలు తీసుకుంది.

"నీతో ఇప్పుడప్పుడే మాట్లాడను. నాకు కోపంగానే ఉంది" అంది.

"ఎన్నాళ్ళుంటుంది ఈ కోపం?" అన్నాను.

"చాలా రోజులు. ఇక్కడ బడి మళ్ళీ తెరిచినా పోదు. ఆ తర్వాత ఏడాదికి కూడా పోకపోవచ్చు."

కుళాయి కట్టేశాను. దేవుడు చల్లగా చూస్తే, ఆ పిల్ల కాలేజీకి వెళ్ళేదాకా ఆ కోపం అలాగే ఉండాలి.